ఎయిర్ రైఫిల్‌కి ముక్కాలి బెంచ్: కారు వెనక సీట్లో పట్టేలా ఇంట్లోనే చేసుకునే పద్ధతి

కొత్త ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో కాల్చే తుపాకీ) కొన్నవాళ్లందరికీ మొదటి నెలలో వచ్చే అనుమానం ఒక్కటే. పెల్లెట్, అంటే అందులోంచి దూసుకెళ్లే చిన్న సీసపు గుండు, లక్ష్యం మీది చుక్కకి తగలడం లేదు. తప్పు తుపాకీదా, పెల్లెట్‌దా, గురి చూసే స్కోప్‌దా, నాదా? చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు కాల్చినా దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే ప్రతిసారీ చెయ్యి వేరేలా వణుకుతుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడే కొడతారు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం గెలిచింది ఆ పోటీలోనే. కానీ ఆ స్థాయి షూటర్లు కూడా ఏ పెల్లెట్ తమ రైఫిల్‌కి నప్పుతుందో తేల్చుకోవాలంటే రైఫిల్‌ని క్లాంపులో బిగించి చూస్తారు. మన దగ్గర ఆ క్లాంపు లేదు కాబట్టి గట్టి బెంచ్ కావాలి. బెంచ్ మీద కూడా గురి చెదిరితే అప్పుడు తుపాకీని అనుమానించవచ్చు.

నేను కాల్చేది నూజివీడు దగ్గర మా నాన్నగారి మామిడి తోటలో. ఎర్ర నేల, మిట్టపల్లాలు. నేను చేసిన మొదటి బెంచ్ నాలుగు కాళ్ల చెక్క బల్ల. ఎక్కడ పెట్టినా ఒక కాలు గాల్లోనే ఉండేది. కింద పెంకు పెడితే ఇంకో కాలు లేచేది. రెండోది పిన్ను కాళ్లది, దాని కథ కింద చెబుతాను. మూడోది ఇప్పుడు వాడుతున్నది. దీనికి మూడే కాళ్లు. పాలు పితికే ముక్కాలి పీటని పశువుల కొట్టంలో ఎంత గతుకుల నేల మీద వేసినా కుదురుగా కూర్చుంటుంది. మూడు చోట్ల ఆనిన వస్తువుకి ఊగే దారే ఉండదు. ఈ బెంచ్ మొత్తం ఆ పీట సూత్రం మీదే నడుస్తుంది.

చేతిపని మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూడండి. రైఫిల్‌ని బెంచ్ మీద రెండు ఇసుక సంచులకి ఆనించి కాలుస్తాం. ఆ ముందు సంచికీ వెనక సంచికీ మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. లక్ష్యం 25 మీటర్ల దూరంలో ఉంది. ముందు సంచి దగ్గర బెంచ్ ఒక్క మిల్లీమీటరు కదిలితే, అట్ట మీద గురి నాలుగు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. మిల్లీమీటరు అంటే మీ వేలిగోరు మందానికి దాదాపు రెట్టింపు, అంతే. అందుకే ఇది సోఫా పక్కన వేసుకునే టీపాయ్ పని కాదు. ప్రతి అతుకు దగ్గరా ఆగి “ఇక్కడ ఎంత కదులుతుంది?” అని అడుగుతూ చేసే పని.

తెచ్చుకోవాల్సినవి

పై పలక కోసం 18 ఎంఎం ప్లైవుడ్. ఎండకీ వానకీ తట్టుకోవాలి కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకి కూడా తట్టుకునే) రకం తీసుకోండి. షీట్ మొత్తం 8 అడుగులకి 4 అడుగులు ఉంటుంది, మనకి అంత అక్కర్లేదు. ఇంటీరియర్ పని చేసే కార్పెంటర్ దగ్గర మిగిలిన ముక్కలు ఎప్పుడూ గోడకి ఆనించి ఉంటాయి. 42 అంగుళాలకి 30 అంగుళాల ముక్క ఒకటి, 6 అంగుళాల చదరపు ముక్కలు మూడు దొరికితే చాలు. ముక్క అంచుని వేలితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, పొరల మధ్య సందు కనిపించినా వద్దు.

కాళ్లకి ఒక అంగుళం జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), మీడియం రకం. పల్చటి లైట్ పైపు మీద మర సరిగా నిలవదు. ఒక్కోటి 29 అంగుళాల చొప్పున మూడు ముక్కలు కోయించి, ఒక కొసన మాత్రం థ్రెడ్డింగ్ చేయించండి. ప్లంబింగ్ సామాన్ల షాపులోనే చేసిపెడతారు. అదే సైజు జీఐ సాకెట్లు (పైపు మర ఎక్కే పొట్టి గొట్టాలు) మూడు, 4 అంగుళాల చదరపు ఇనుప ప్లేట్లు మూడు (6 ఎంఎం మందం), 8 ఎంఎం కౌంటర్‌సింక్ బోల్టులు 60 ఎంఎం పొడవువి పన్నెండు, వాటికి నట్లు, స్ప్రింగ్ వాషర్లు కావాలి. 2 అంగుళాల వెడల్పున్న గట్టి కర్ర రీపర్ మూడడుగులది ఒకటి. చెక్క జిగురు, ప్రైమర్, ఎనామిల్ పెయింట్. సంచులకి పాత జీన్స్ ప్యాంటు ఒకటి.

పై పలక కోత

ఈ కొలతలు కుడి భుజానికి రైఫిల్ ఆనించేవాళ్ల కోసం. ఎడమ చేతివాటం అయితే అద్దంలో చూసినట్టు తిప్పుకోండి.

పలకని 42 అంగుళాల పొడవు లక్ష్యం వైపు ఉండేలా పడుకోబెట్టండి. మీరు కూర్చునే వైపు, ఎడమ మూలలో, 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవు ఉన్న ముక్కని తీసెయ్యాలి. మీ ఒళ్లు ఆ ఖాళీలో ఇముడుతుంది. కుడివైపు తోకలా మిగిలిన 16 అంగుళాల భాగం మీద రైఫిల్ మడమా (భుజానికి ఆనే వెనక భాగం), మీ కుడి మోచెయ్యీ ఉంటాయి. బల్లకి ఎదురుగా కూర్చుంటే మనిషి ముందుకి వంగాలి, నడుము లాగుతుంది, పది షాట్లకే ఊపిరి బరువెక్కుతుంది. ఈ కోత ఉంటే బల్లే మీ దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది.

లోపలి మూలని లంబకోణంలో వదిలెయ్యకండి, అది డొక్కలో పొడుస్తుంది. ఇంట్లో అన్నం తినే కంచం తీసుకుని ఆ మూలలో బోర్లించి పెన్సిలుతో వంపు గీయండి. జిగ్‌సా రంపంతో నెమ్మదిగా కోయాలి. గీత మీద ముందే పేపర్ టేప్ అంటిస్తే పై పొర పెచ్చులూడదు. తర్వాత అంచులన్నీ 80 నంబరు, ఆపైన 120 నంబరు ఉప్పుకాగితంతో గుండ్రంగా చెయ్యండి. ముందు వైపు మధ్యలో, అంచుకి 2 అంగుళాలు లోపల, చెయ్యి దూరేంత సన్నటి రంధ్రం కోసుకుంటే అదే మోతపిడి.

కాళ్లు ఎక్కడ పెట్టాలి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. మూడు కాళ్లు అనగానే ముందు రెండు మూలల్లో రెండు, తోక కింద ఒకటి పెట్టేస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ మీరు ఎడమ మోచేతిని కోత అంచు మీద ఆనించగానే బల్ల ఆ వైపుకి ఒరుగుతుంది, ఎందుకంటే ఆ చోటు మూడు కాళ్ల త్రికోణానికి బయట ఉంది. బరువు ఎక్కడ పడుతుందో అక్కడ కాలు ఉండాలి. బరువు పడేది మూడు చోట్ల: ముందు సంచి, ఎడమ మోచెయ్యి, కుడి మోచెయ్యి.

కాబట్టి కాళ్ల మధ్య బిందువులు ఇలా గుర్తుపెట్టండి. ముందు కాలు: ముందు అంచు నుంచి 5 అంగుళాలు లోపల, కుడి అంచు నుంచి 10 అంగుళాలు. రైఫిల్ గొట్టం సరిగ్గా ఈ గీత మీదే ఉంటుంది. ఎడమ కాలు: ఎడమ అంచు నుంచి 5, కోత అంచు నుంచి ముందుకి 5 అంగుళాలు. తోక కాలు: కుడి అంచు నుంచి 5, వెనక అంచు నుంచి 5. ముందు ఎడమ మూల కింద కాలు ఉండదు, అక్కడ పెల్లెట్ల డబ్బా తప్ప బరువైనదేదీ పెట్టకండి. ఆ మూల మీద మాత్రం ఎవరూ కూర్చోకూడదు. మా మేనల్లుడు కూర్చోబోతే చివరి క్షణంలో పట్టుకున్నాను.

ఒక్కో గుర్తు దగ్గర పలక అడుగున 6 అంగుళాల ప్లైవుడ్ ముక్కని జిగురు రాసి అతికించి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. దాంతో కాలు ఆనే చోట మందం 36 ఎంఎం అవుతుంది. ముందు కాలి నుంచి తోక కాలి దాకా రీపర్‌ని నిలువుగా, అంటే సన్నటి వైపు పలకకి ఆనేలా, జిగురుతో, స్క్రూలతో బిగించండి. పలక మధ్యలో నొక్కితే వంగకుండా ఆపేది ఇదే.

వెల్డింగ్ షాపులో

సాకెట్‌ని ప్లేటు మీద నిలువుగా అంటిస్తే కాళ్లు నిటారుగా దిగుతాయి. అవి బయటికి పది డిగ్రీలు వాలాలి. 29 అంగుళాల కాలు అంత వాలితే కింద పాదం ఐదంగుళాలు బయటికి జరుగుతుంది, త్రికోణం ఆ మేరకు పెద్దదవుతుంది. వెల్డర్‌కి డిగ్రీలు చెప్పి లాభం లేదు. “సాకెట్ కొసని ఏటవాలుగా కొయ్యండి, ఒక పక్కకంటే రెండో పక్క 7 ఎంఎం పొట్టిగా రావాలి” అని సుద్దతో గీసి చూపించండి. మా వెల్డర్ మొదట ఒప్పుకోలేదు. “నిలువుగా అంటిస్తే గట్టిగుంటది కదా సార్, వంకరగా ఎందుకు?” అన్నాడు. షాపు ముందున్న టీ బంకు స్టూలు కాళ్లు చూపించాను. ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడకుండా మూడూ ఒకే వాలులో చేసిచ్చాడు.

సాకెట్ మీద ఉన్న జింకు పూతని వెల్డింగ్‌కి ముందే గ్రైండర్‌తో తీసెయ్యమనండి. లేకపోతే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం తప్పదు. వెల్డింగ్ చల్లారాక అక్కడే పైపుని చేత్తో తిప్పి ఎక్కించి చూసుకోండి. వేడికి మర ఏమాత్రం వంకరపోయినా ఇంటికొచ్చాక తెలిస్తే మళ్లీ తిరగాలి.

పిన్ను కాలు కాకుండా మర కాలే ఎందుకంటే, అది నా రెండో బెంచ్ నేర్పిన పాఠం. అందులో పెద్ద పైపులోకి చిన్న పైపు దూర్చి అడ్డంగా పిన్ను పెట్టేలా చేశాను. క్షణంలో విప్పి, క్షణంలో బిగించవచ్చు. కానీ పైపుకీ పైపుకీ మధ్య కాగితమంత సందు. స్కోప్‌లోంచి చూస్తే నా గుండె కొట్టుకున్నప్పుడల్లా అడ్డుగీత చుక్క మీది నుంచి దిగి మళ్లీ ఎక్కేది. నెలరోజులు పెల్లెట్లు మార్చాను, స్కోప్ మౌంట్లు మార్చాను, తప్పు ఆ సందులో ఉందని తోచలేదు. జీఐ పైపు మర కొసకి పోయేకొద్దీ కొంచెం సన్నబడుతుంది కాబట్టి తిప్పేకొద్దీ బిగుసుకుంటుంది, చివరికి సందే మిగలదు. ఒక్కో కాలికి అర నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

బిగింపు

ప్లేట్లని గుర్తుల మీద పెట్టి, వాలు త్రికోణం మధ్య నుంచి బయటికి ఉండేలా తిప్పి, నాలుగు మూలలా రంధ్రాలు ప్లేటూ పలకా దాటి అవతలికి వచ్చేలా పొడవండి. బోల్టు తల పలక పైనుంచి దిగాలి. తల ఉపరితలంలో మునిగిపోయేలా కౌంటర్‌సింక్ చెయ్యండి, లేదంటే సంచి దాని మీద దొర్లుతుంది. అడుగున స్ప్రింగ్ వాషర్, నట్టు. చెక్క స్క్రూలతో సరిపెట్టకండి. నాలుగుసార్లు కాళ్లు విప్పి బిగిస్తే స్క్రూ రంధ్రాలు వదులవుతాయి.

మూడు పైపులకీ మూడు సాకెట్లకీ ఒకే రంగు చుక్కలు వెయ్యండి: ఎరుపుకి ఎరుపు, పసుపుకి పసుపు, నీలానికి నీలం. ఏ కాలి మర ఏ సాకెట్‌లో అరిగిందో అందులోనే తిరగాలి. మర మీద చిటికెడు గ్రీజు రాస్తే తుప్పు పట్టదు.

పెయింటు విషయంలో ఒక్కటే జాగ్రత్త. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల్లోంచే. అంచులకి ప్రైమర్ రెండు పూతలు, ఎనామిల్ రెండు పూతలు. పైభాగానికి మెరుపు లేని రంగు వెయ్యండి, మే నెల ఎండలో నిగనిగలాడే పలక కళ్లలోకి కొడుతుంది. పైన ఫోమ్ షీటు, యోగా మ్యాటు లాంటివి అంటించాలని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. మెత్తటిదేదైనా స్ప్రింగులా పనిచేస్తుంది.

ఎత్తు, కూర్చునే పీట

పైపు 29 అంగుళాలైతే పలక నేలకి దాదాపు 31 అంగుళాల ఎత్తులో ఉంటుంది. అది 17, 18 అంగుళాల స్టూలుకి సరిపోతుంది. కానీ పైపు కోయించే ముందే మీ స్టూలు మీద కూర్చుని, వీపు నిటారుగా ఉంచి, మోచేతులు ముందుకి చాపి ఆనించే ఎత్తు కొలుచుకోండి. కొంచెం పొడవుగా కోయిస్తే తర్వాత తగ్గించవచ్చు. ప్లాస్టిక్ కుర్చీ వాడకండి, మనిషి ఊపిరి పీల్చినప్పుడల్లా దాని కాళ్లు సాగుతాయి. పీట కూడా ముక్కాలిదైతే మరీ మంచిది.

ఇసుక సంచులు

జీన్స్ ప్యాంటు కాలు ఒక అడుగు పొడవు కత్తిరించి, ఒక కొస రెండు వరసలు కుట్టండి. ఇసుకని జల్లించి, కడిగి, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టండి. తడి ఇసుక గట్టిపడి ఆకారం తీసుకోదు. ముందుగా ప్లాస్టిక్ సంచిలో పోసి, దాన్ని జీన్స్ సంచిలో పెడితే పొడి బయటికి రాదు, స్కోప్ అద్దాల మీద గీతలు పడవు. ముప్పావు వంతు మాత్రమే నింపాలి. నిండా కూరితే దిండులా ఉబ్బి రైఫిల్ పక్కకి జారుతుంది. ముందు సంచి మూడు కిలోల దాకా ఉంటే బాగుంటుంది. మధ్యలో పిడికిలితో గుద్ది పల్లం చేసి అందులో రైఫిల్ ముందుకర్ర (గొట్టం కింది చెక్క భాగం) పెట్టాలి. వెనక సంచి చిన్నది, ఎడమ చేతిలో పట్టేంత. దాన్ని పిసికితే రైఫిల్ మడమ లేస్తుంది, వదిలితే దిగుతుంది. గురి పైకీ కిందకీ జరిపేది ఆ పిడికిలే. బియ్యం, పప్పులు నింపితే తేలికే కానీ రెండు నెలల్లో పురుగు పడుతుంది.

నేల మీద నిలపడం, పరీక్ష

ఎర్ర నేలైతే కాళ్లని నేరుగా నొక్కి నిలపవచ్చు. నల్లరేగడిలో పైపు దిగబడిపోతుంది కాబట్టి ఒక్కో కాలి కింద టైల్ ముక్క పెట్టండి. పలక ఒక వైపు వాలితే ఎత్తుగా ఉన్న కాలి కింద మట్టి తవ్వండి, పల్లంలో ఉన్నదాని కింద రాళ్లు పేర్చకండి. రాయి దొర్లుతుంది, గుంట దొర్లదు. బెంచ్ మొత్తం పదిహేను కిలోల చుట్టుపక్కల తూగుతుంది. ఇంకా బరువు కావాలంటే పలక అడుగున కొక్కెం వేసి, సగం ఇసుక నింపిన గోనె సంచిని నేలకి తాకీ తాకనట్టు వేలాడదీయండి. గాల్లో ఊగేంత ఎత్తులో మాత్రం వద్దు.

ఇప్పుడు స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి ముందు సంచి చోట పెట్టండి. కుడి మోచేతిని తోక మీద ఆనించి, తీసి, మళ్లీ ఆనించండి. నీళ్ల మీద అలలు వచ్చి వెంటనే సద్దుమణిగితే బెంచ్ సిద్ధం. అలలు ఆగకుండా వస్తూ ఉంటే ఏదో అతుకు వదులుగా ఉంది. ఒక్కో కాలినీ చేత్తో పట్టుకుని ఊపుతూ వెతకండి, దొరుకుతుంది.

స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా

పీసీపీ రైఫిల్‌ని (ముందే సిలిండర్‌లో గాలి నింపి ఉంచేది) సంచి మీద నేరుగా పెట్టి కాల్చవచ్చు. గొట్టం విరిచి నింపే స్ప్రింగ్ రైఫిల్ అలా కాదు. అందులో పెల్లెట్ గొట్టం దాటకముందే పిస్టన్ విసురుకి రైఫిల్ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఉలుకుతుంది. సంచి మీద గట్టిగా అదిమితే ఆ ఉలుకు ప్రతిసారీ ఒక్కోలా ఉంటుంది. ఎడమ అరచేతిని సంచి మీద వెల్లకిలా పెట్టి, ముందుకర్రని ఆ అరచేతిలో ఊరికే ఆననివ్వండి. వేళ్లు ముడవకూడదు. భుజానికి కూడా తాకీ తాకనట్టే. పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నా రైఫిల్‌తో ఈ ఒక్క మార్పుకే 25 మీటర్ల దగ్గర చెల్లాచెదురుగా పడే పెల్లెట్లు రూపాయి బిళ్లంత చోటుకి చేరాయి.

కాల్చే ముందు

మన దేశంలో ఆయుధాల నియమాలు 2016 ప్రకారం 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం రైఫిల్ సంచిలోనే ఉంచుకోండి. దారిలో ఎవరు ఆపినా అది చూపించాలి. లైసెన్సు లేదు కదా అని బొమ్మ తుపాకీ అనుకోకండి. ఆ చిన్న పెల్లెట్ మూడు వందల మీటర్లు దాటి పోగలదు. లక్ష్యం వెనక మనిషి ఎత్తు మట్టి దిబ్బ గానీ, బావి తవ్వినప్పుడు పోసిన గట్టు గానీ తప్పనిసరి. అట్టని చెక్క పెట్టెకి అంటించి, పెట్టె నిండా పాత బట్టలు కుక్కితే సీసం ముక్కలు అందులోనే ఉండిపోతాయి, తోట మట్టిలో కలవవు. కళ్లద్దాలు మీకూ, పక్కన నిలబడ్డవాళ్లకీ.

పిట్టల మీద గురి పెట్టవద్దు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఊళ్లో ఎయిర్ గన్ అనగానే పిల్లలకి మొదట గుర్తొచ్చేది గువ్వా, చిలకా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో పిట్టల్ని కాపాడటానికి ఎయిర్ గన్ల అప్పగింత ఉద్యమమే నడిచింది, జనం తమంతట తామే తుపాకులు తెచ్చి ఇచ్చేశారు. బెంచ్ మీద కూర్చుని అట్ట మీది చుక్కకి చుక్క కలపడంలో ఉన్న ఏకాగ్రత మా మేనల్లుడికి ఒక సాయంత్రంలోనే అంటుకుంది. ఇప్పుడు వాడు చిలకల్ని చూసేది స్కోప్‌లోంచి కాదు, బైనాక్యులర్‌లోంచి.

సర్దేటప్పుడు ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసి సంచిలో పెట్టండి, తర్వాత కాళ్లు విప్పండి. పైపుల లోపల చీమలూ, తేళ్లూ దూరతాయి కాబట్టి ఒక్కోదాన్ని నేలకేసి తట్టి, గోనె గుడ్డలో చుట్టి పలక పక్కన పడుకోబెట్టండి. సీసం చేతులకి అంటుకుని ఉంటుంది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే టిఫిన్ క్యారియర్ మూత తియ్యండి.